దొంగను ఆపిన దేవదూత

పోయిన వారం మనం వదిలి వచ్చేసరికి ఒరాహా చేతిలో కత్తి ఉంది, కడుపులో మంట ఉంది. ఈస్టరు పూజ అప్పుడే ముగిసింది. తెల్ గౌజా ఊరి చర్చిలో బలిపీఠం ముందున్న ఎర్ర తెర దించేశారు. ఆ తెర వెనక స్వర్గం. తెర ముందు కత్తి పట్టుకుని కాపలా కాస్తున్న దేవదూత మన ఒరాహా. మూసిన వీధి తలుపుకు అవతల, భుజాన సిలువతో, మొహాన మసితో నిలబడిన దొంగ యల్దా. క్రీస్తు పక్కన సిలువెక్కి, ఆఖరి గడియలో స్వర్గం సంపాదించుకున్న ఆ దొంగ సంగతి తెలిసిందే కదా. ఏటా ఈస్టరు పొద్దున ఆ దొంగ స్వర్గానికి వస్తాడు. దేవదూత అడ్డం పడతాడు. ఇద్దరూ పాటలో వాదులాడుకుంటారు. చివరికి దొంగ సిలువ ఎత్తి చూపిస్తే దేవదూత కత్తి దించి పక్కకు తప్పుకుంటాడు. బాగ్దాదుకు ఉత్తరాన ఉన్న కల్దీయ క్రైస్తవుల ఊళ్లలో ముత్తాతల నాటి నుంచి వస్తున్న ఆట ఇది.

ముత్తాతల కాలంలో ఎన్నడూ రాని అనుమానం ఈ ఏడు వచ్చింది. ఈ దేవదూత తప్పుకుంటాడా?

ఎందుకంటే నిరుటి దాకా దొంగ వేషం ఒరాహాది. ఒకటి కాదు రెండు కాదు, పదమూడేళ్లు. ఏడాది పొడుగునా నువ్వులు వేయించి, రాతి తిరగలిలో పోసి, కంచరగాడిద వెనక గుండ్రంగా తిరిగే మనిషి అతను. ఎప్పుడు చూసినా ఒంటి మీద నువ్వుల నూనె వాసన. ఈస్టరు ఒక్కనాడు మాత్రం ఆ గొంతు విని ముసలమ్మలు కొంగులు తడుపుకునేవాళ్లు. ఆ ఒక్క పూట కోసం మిగతా ఏడాది అంతా గాడిద వెనక తిరిగేవాడంటే అబద్ధం కాదు.

ఉపవాసాలు మొదలైన వారానికి ఊరి ఫాదిరీ ఖాషా మరోగీ అతన్ని పూజ అయ్యాక ఆగమన్నాడు.

"పదమూడేళ్లుగా నువ్వే స్వర్గంలోకి పోతున్నావు కదరా. ఈ ఏడు ఇంకొకణ్ణి పోనీ."

"నా గొంతుకేమొచ్చింది ఖాషా గారూ?"

"గొంతుకేం రాలేదు. ముసలి తోమాకి మోకాళ్లు పోయాయి. దేవదూత స్టూలేసుకుని కూచుని కాపలా కాస్తే బాగుంటుందా చెప్పు? నువ్వు కత్తి పట్టుకో. యల్దా సిలువ పట్టుకుంటాడు. వాడూ రాబీ దెన్హా దగ్గర చదువుకున్నవాడేగా."

యల్దా పేరు ఒక్కటి అక్కర్లేదనుకుంటే ఆ పేరే చెప్పాడు మహానుభావుడు. ఒరాహా సరేనని తలూపి బయటికి వచ్చి, వాకిట్లో కట్టేసిన గాడిదను కారణం లేకుండా ఒక్కటి వేశాడు.

రాబీ దెన్హా ఊరికి చదువు చెప్పిన మనిషి. రెల్లు కలంతో చర్చి పుస్తకాలు చేత్తో రాసి పెట్టినవాడు. ఒరాహా, యల్దా ఆయన దగ్గర ఒకే చాప మీద కూర్చుని పాత భాష నేర్చుకున్నారు. ఒకే రోజున చర్చి సేవకు కుదిరి షమ్మాషాలయ్యారు. ఆయన కూతురు వరీనా మీద ఒకేసారి మనసు పడ్డారు. ఊరంతా యల్దాకే ఇస్తారనుకుంది. ఒరాహా కూడా అలాగే అనుకుని ఏడ్చి ఊరుకున్నాడు. అలాంటిది, మట్టల ఆదివారం మర్నాడు యల్దా ఎవరికీ చెప్పకుండా లారీ ఎక్కి బాగ్దాదు పోయాడు. ఈస్టరు వెళ్లిన వారానికి రాబీ ఒరాహాను పిలిచి, "నా పిల్లను నీకిస్తాను. యల్దా ఊసు మాత్రం ఈ ఇంట్లో ఎత్తకు" అన్నాడు.

ఒరాహా ఎత్తలేదు. పద్నాలుగేళ్లు ఎత్తలేదు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రాబీ పోయాడు. ఒరాహా మనసులో మాత్రం ఒకే ప్రశ్న గాడిదలాగా తిరుగుతూనే ఉంది. వరీనాను తనకు ఇచ్చారా, లేక వాడు వదిలేసి పోతే తనకు మిగిలిందా?

అడగాల్సిన మనిషి పొద్దున్నే లేచి రొట్టె చేసి పెట్టేది, రాత్రి పక్కనే పడుకునేది. అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. ఊర్ అనే పట్నాన్ని వదిలి ఎక్కడికో నడిచిపోయిన అబ్రహాము పేరు పెట్టారు ఇతనికి, వీళ్ల నోట అది ఒరాహా. ఆ అబ్రహాము దేశాలు దాటాడు. ఈ ఒరాహా ఒక్క ప్రశ్న దాటలేకపోయాడు.

పోయిన చలికాలంలో యల్దా తిరిగొచ్చాడు. బాగ్దాదులో హోటల్లో పెద్ద వంటవాడి దాకా ఎదిగాడట. ఉద్యోగం మానేసి అక్క ఇంట్లో దిగాడు. చేతికి గడియారం, నెత్తిన అక్కడక్కడ తెల్ల వెంట్రుకలు. పెళ్లి చేసుకోలేదు. ఒరాహాను తినేసింది ఈ ఆఖరి మాటే. నలభై దగ్గర పడుతున్న మగాడు, రొట్టెకు లోటు లేనివాడు, ఎవరి కోసం ఒంటిగా ఉన్నట్టు?

ఒకసారి నువ్వుల ముద్ద కోసం యల్దా వీళ్ల కొట్టుకే వచ్చాడు. ఒరాహా తిరగలి గదిలో ఉండి తలుపు సందులోంచి చూశాడు. వరీనా గిన్నె అందుకుంది, నింపింది, ఇచ్చేసింది. ఊళ్లో ఎవరొచ్చినా ఒక గరిటె కొసరు వేసే ఇల్లాలు ఆ రోజు కొసరు వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు? వేస్తే మొగుడు అనుమానపడతాడనా? అంటే అనుమానించడానికి ఏదో ఉన్నట్టే కదా! అలా అనుకుని రెండు రోజులు అన్నం సహించక తిరిగాడు. పోనీ వేసి ఉంటే ఊరుకునేవాడా అంటే, ఎందుకు వేసిందని నాలుగు రోజులు తిరిగేవాడు.

ఇక నిన్నటి సంగతి ఒక్కటి చెప్పుకుంటే, ఇవాళ ఆ కత్తి మీద మనకెందుకు అనుమానమో అర్థమవుతుంది.

దొంగ వేసుకునే బొంత చొక్కాకు తెల్ గౌజాలో ఒక పద్ధతి ఉంది. ఉపవాసాల్లో ఇంటికొక పేలిక ఇస్తారు. ఇంటి పాపం ఆ పేలికతో పోతుందని నమ్మకం. దొంగ వేషం వేసేవాడి పెళ్లాం ఆ పేలికలన్నీ చొక్కాకు అతుకులేస్తుంది. అలా పదమూడేళ్లు వరీనా సూదే తిరిగింది ఆ బొంత మీద. యల్దాకు పెళ్లాం లేదు, అక్కకు చూపు ఆనదు. కనుక ఈ ఏడూ బొంత వరీనా ఒళ్లోనే ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం ఆమె ఈస్టరు గుడ్లకు ఎర్ర రంగు ఎక్కాలని ఉల్లితొక్కల నీళ్లలో ఉడకేసి, అరుగు మీద కూర్చుని కుడుతోంది. ఎదురుగా రబ్బన్ హుర్మిజ్ద్ మఠం ఉన్న కొండ మీద ఎండ పడుతోంది. ఒరాహా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎంతసేపు కుడతావే ఆ బొంత?"

"ఈ ఏడు పేలికలు ఎక్కువొచ్చాయి. ఊళ్లో పాపాలు పెరిగాయి కామోసు" అంది వరీనా తలెత్తకుండా.

"నాకు కుట్టినప్పుడు ఇంత సన్నంగా కుట్టేదానివి కాదు."

"నీకు కుట్టినప్పుడు ఒళ్లో పిల్లలుండేవాళ్లు. ఒక పోటు చొక్కాకి, ఒక పోటు నా వేలికి. ఇప్పుడు తీరిగ్గా కుడుతున్నా."

"వాడివి వెడల్పు భుజాలు. నా చొక్కా వాడికేం పడుతుంది?"

"భుజాలు విప్పి గుడ్డ వేశాలే."

"వేశావా?"

"వేశానంటున్నాగా. ఆ గుడ్లు దించు, పగుల్తాయి."

గుడ్లు దించాడు. కొలత ఎక్కడిదే అన్న మాట నాలిక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె చెప్పదేమోనని కాదు, అడిగితే చెప్పేస్తుందేమోనని భయం.

రండి, ఇక చర్చిలోకి పోదాం. అవతల దొంగ తలుపు కొడుతున్నాడు.

మూడుసార్లు కొట్టాడు. మూడోసారికి తలుపు తీశారు. పొద్దుటెండ తోసుకుని లోపలికొచ్చింది, దాంతోపాటు యల్దా వచ్చాడు. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. మగవాళ్లు "వచ్చాడ్రా దొంగ! మూటలు జాగ్రత్త!" అని నవ్వారు. యాభై రోజులు మాంసం, పాలు, గుడ్డు ముట్టకుండా గడిపిన జనం. ఇంటింటా గోధుమలూ మాంసమూ కలిపిన హరీసా కుండలు నిప్పుల మీద కుతకుతలాడుతున్నాయి. దొంగ స్వర్గంలోకి పోతేగాని ఎవరూ ఇంటికి పోయి ముద్ద ముట్టకూడదు. అందుకని ఊరంతా మనస్ఫూర్తిగా దొంగ పక్షమే.

"ఇదేంటే, వీడు దొంగలా లేడే! పెళ్లికొడుకులా ఉన్నాడు" అంది గజాలె ముసలమ్మ. ఆవిడ గుసగుస మూడు వీధులకు వినపడుతుంది. "ఆ బొంత చూడు, ఒంటికి పోసినట్టు ఎలా ఉందో! మన ఒరాహాకి గోతాం తగిలించినట్టుండేది పాపం."

నవ్వులు లేచాయి. ఒరాహా నవ్వలేదు. అతని కళ్లు ఆ భుజాల దగ్గరే ఆగిపోయాయి. కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చుంది. ఒక వేలెడు ఎక్కువ లేదు, ఒక వేలెడు తక్కువ లేదు. కొలత తియ్యకుండా అలా కుట్టాలంటే ఆ భుజాలు మనసులో ఉండాలి. పద్నాలుగేళ్లుగా ఉండాలి. 

యల్దా నడిమి దారిలో నడిచొచ్చి తెరకు నాలుగడుగుల దూరంలో ఆగాడు. పాట మొదలైంది. దేవదూత ఒక చరణం, దొంగ ఒక చరణం. ఎవరు నువ్వు, ఎవరు రమ్మన్నారు, నీ చేతులకు రక్తం ఉంది పో అని దేవదూత. నేను పాపినే, కానీ నన్ను రమ్మన్నవాడు నీకూ నాకూ యజమాని అని దొంగ. యల్దా గొంతు బాగుంది. అబద్ధం ఎందుకు, ఒరాహా గొంతు కన్నా బాగుంది. అది ఒరాహాకే అందరికన్నా ముందు తెలిసింది. ఆడవాళ్ల వైపు ఎవరో ముక్కు చీదారు. అది వరీనానా? తిరిగి చూడకూడదు, దేవదూత అటూ ఇటూ చూడడు. ఒరాహా చూశాడు. వరీనా ఏడవటం లేదు. చిన్నపిల్ల జడ సవరిస్తోంది. ఏడుస్తుంటే బాగుండేదేమో, ఏడుపు దాచుకుంటోందేమో అని మళ్లీ ఇంకో అనుమానం.

ఆట చివరికొచ్చింది. యల్దా సిలువ ఎత్తి చూపించాడు. ఇక దేవదూత కత్తి దించాలి. తెర తియ్యాలి. గంటలు మోగాలి.

కత్తి దిగలేదు.

యల్దా ఇంకాస్త పైకెత్తాడు సిలువను. ఒరాహా కత్తి అడ్డంగానే ఉంది. తెర పక్కన తాడు పట్టుకున్న ఖాషా మరోగీ "ఊఁ, ఊఁ" అన్నాడు. ముందు వరసలో స్టూలు మీద కూర్చున్న పాత దేవదూత తోమా, చరణం మర్చిపోయాడనుకుని పెదాలు కదిపి అందించబోయాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ పాట పాత భాషలో ఉంటుంది. ఊళ్లో వంట దగ్గరా పొలం దగ్గరా మాట్లాడే భాషకు అది ముత్తవ్వ. రాగం అందరికీ వచ్చు, మాటలు మాత్రం నలుగురికే అర్థమవుతాయి. ఖాషాకు, తోమాకు, ఒరాహాకు, యల్దాకు. అయిదో మనిషి ఉందని ఊరికి తెలియదు, ఒరాహాకు తెలుసు. తండ్రి మగపిల్లలకు పాఠం చెబుతుంటే తలుపు వెనక పిండి పిసుకుతూ వరీనా అంతా నేర్చేసుకుంది. పెళ్లయిన కొత్తలో ఒరాహా తిరగలి దగ్గర పాడుకుంటూ తప్పు పాడితే, "అది అలా కాదు" అని దిద్దింది. ఆ రోజు ఎంత మురిసిపోయాడో చెప్పలేం. ఆ చదువే ఇవాళ అతనికి దారి చూపించింది. ఇంట్లో అడగలేని మాట ఇక్కడ అడగొచ్చు. ఊరంతా వింటుంది, ఊరికి తెలియదు. ఎవరు వినాలో వాళ్లకే తెలుస్తుంది.

ఒరాహా గొంతు సవరించుకున్నాడు. అదే రాగం. అదే కొలత, పాదానికి ఏడక్షరాలు.

"ఎవరు కుట్టి రయ్య
ఈ యతుకుల బొంత?
కొలత లేక యెట్లు
భుజమున కమరె?"

యల్దా కళ్లు పెద్దవయ్యాయి. ఖాషా మరోగీ చేతిలో తాడు జారింది.

"ఇది పాటలో లేదే!" అన్నాడు తోమా గట్టిగా.

"నోర్మూసుకో తోమా!" అంది గజాలె. "బాగ్దాదు నించి కొత్త చరణాలొచ్చాయి కాబోలు. ఎంత బాగా అడుగుతున్నాడో విను, నీకెప్పుడైనా వచ్చిందా ఆ ఉక్రోషం?"

 యల్దా ఊరుకుంటే ఆట ఆగిపోతుంది. జవాబు చెబితే తగాదా అవుతుంది. రాబీ దెన్హా శిష్యుడు కదా, కొలత తప్పకుండానే అందుకున్నాడు.

"అక్క తీసి యిచ్చెను
నాదు పాత చొక్కాను.
దాని కొలత చూచి
కుట్టె నీదు గృహిణి."

ఒరాహాకు మొహం మీద నీళ్లు కొట్టినట్టయింది. పాత చొక్కా! అక్క తెచ్చి ఇచ్చింది! పద్నాలుగేళ్ల ప్రేమ అనుకున్నది కాస్తా రెండు నిమిషాల పని అయి కూర్చుంది. నిన్న ఒక్క మాట అడిగి ఉంటే వరీనాయే చెప్పేది. సిగ్గు వేసింది. సిగ్గుతో ఆగిపోయేవాడే, కానీ అసూయ సంగతి మీకు తెలియదా. ఒక కొమ్మ నరికితే పక్క కొమ్మ పట్టుకుంటుంది. చొక్కా సంగతి సరే, అసలు సంగతి? ఇంత దూరం వచ్చాక ఆగితే మళ్లీ ఈ జన్మలో అడగలేడు. కత్తిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"పదునాలుగేండ్లుగా
ఎదను గ్రుచ్చె ముల్లు.
ఏల నాడు పోతివి?
ఏల నేడు వస్తివి?"

ఈసారి గొంతు పగిలింది. ఆ పగలడంలో ఏముందో గాని ఆడవాళ్లు బావురుమన్నారు. దేవదూతకే దొంగ మీద జాలి కలిగిందని వాళ్లు అనుకున్నారు. ఖాషా మరోగీ ధూపం గిన్నె అందుకుని అవసరం లేకపోయినా దడదడా ఊపాడు. వద్దురా, ఆపరా అని ఆ పొగలోంచి కళ్లతో బతిమాలుతున్నాడు. నోటితో ఆపితే ఊరికంతా తెలిసిపోతుంది, అదీ ఆయన బాధ.

 యల్దా మసి పూసిన మొహం మీద చెమట చారలు కట్టింది. తరవాత సిలువను భుజానికి ఆనించుకుని, ఒరాహా కళ్లలోకి సూటిగా చూస్తూ, చిన్నగా పాడాడు.

"గురువు పల్కె నాతో:
ఒరాహను కోరెను
నా కూతురు, పొమ్మని.
పొమ్మన్న పోయితిని."

పాటలో ఆ పేరు విని, స్వర్గంలో ఉన్న అబ్రహామే అనుకుంది ఊరు. ఒరాహాకు మొదట అర్థం కాలేదు. ఒక్కొక్క మాట లోపలికి దిగింది. కోరెను. ఒరాహను కోరెను. తనను! యల్దా వదిలేసి పోలేదు. యల్దాను పొమ్మన్నారు. పొమ్మనడానికి కారణం ఆమె తనను కోరుకోవడం. పద్నాలుగేళ్లుగా ఎంగిలి కూడు అనుకుని తిన్నది తన కోసమే వండిన వంటట!

ఒళ్లు తేలిపోయింది. ఎదురుగా నిలబడ్డ మనిషి మీద ఒక్కసారిగా ఎంత జాలి వచ్చిందంటే, కత్తి పారేసి కౌగిలించుకుందామనిపించింది. పాపం, ఆమె తనను కోరుకుందని విని నోరు మెదపకుండా ఊరొదిలి పోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఇన్నేళ్లూ ఆ హోటల్లో వేరేవాళ్లకు వండి పెట్టుకుంటూ బతికాడు. వీడి మీదా నేను ఏడ్చింది! దొంగలు ఇలా ఉంటే దేవదూతల గతి ఏమిటి? ఒరాహా నవ్వు ఆపుకోలేకపోయాడు. కత్తి దించబోయాడు. ఖాషా "హమ్మయ్య" అని తాడు అందుకున్నాడు. గంట దగ్గరివాళ్లు చేతులు పైకెత్తారు.

మనిషి బతుకులో ఇంత సంతోషం ఎంతసేపు నిలవాలో అంతసేపే నిలిచింది. మూడు ఊపిరులు.

నాలుగో ఊపిరికి ఆడవాళ్ల వైపు నుంచి పాట లేచింది.

అదే రాగం. అదే కొలత. కానీ ఆ చర్చి కట్టినప్పటి నుంచి అక్కడ ఏ ఆడగొంతూ ఒంటిగా పాడింది లేదు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. వరీనా నిలబడి ఉంది. చిన్నపిల్ల జడ సగం అల్లి వదిలేసింది. గొంతు పెద్దది కాదు, తీయనిదీ కాదు. పిండి పిసికేటప్పుడు పాడుకునే గొంతు. ఒక్క మాటా తడబడలేదు.

"కోరె ననెడి మాట
తండ్రి మాటయె గాని
నా మాట కాదు, నన్ను
ఎవ్వ రడుగలేదు."

తోమా స్టూలు మీంచి సగం లేచి, మోకాళ్లు సహకరించక మళ్లీ కూలబడ్డాడు. ఖాషా మరోగీ కళ్లు మూసుకున్నాడు. మిగతా ఊరు నోరు తెరుచుకుని చూస్తోంది.

"వరీనాకి పాత భాష ఎక్కడిదే?" అంది గజాలె. ఈసారి నిజంగానే గుసగుసలాడింది. "ఏమందే? ఏమందో ఎవరైనా చెప్పండర్రా!"

 ఒరాహాకు ఇందాకటి సంతోషం ఇంకా చల్లారలేదు, దాని మీదే రాయి పడింది. అడగలేదు. నిజమే. తండ్రి అడగలేదు, తనకు ఎవరు నచ్చితే వాళ్ల పేరు కూతురి నోట పెట్టాడు. యల్దా అడగలేదు, పొమ్మనగానే లారీ ఎక్కాడు. తాను అడగలేదు, ఇస్తానంటే చేతులు చాచాడు. ఆ తరవాత పద్నాలుగేళ్లు అనుమానించాడు, కాపలా కాశాడు, కొసరు గరిటెలు లెక్కపెట్టాడు. అడగడం ఒక్కటే చెయ్యలేదు. ఆమె మీద అసూయపడే హక్కు తనదనుకున్నాడు గాని, ఆమెకొక జవాబు ఉంటుందని తట్టనే లేదు.

వరీనా కూర్చోలేదు. ఒకసారి ఒరాహా కేసి చూసింది, ఒకసారి యల్దా కేసి చూసింది. తరవాత పాట వదిలేసింది. పాత భాష కూడా వదిలేసింది. రొట్టెలు కాల్చేటప్పుడు పక్కింటావిడతో మాట్లాడే మామూలు భాషలో, ఒళ్లోని పిల్లలకు కూడా అర్థమయ్యేలా అంది.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా. ఇప్పుడడగండి."

 ఎవరు ఎవర్ని ఏమడగాలో ఊరికి తెలియలేదు గాని, అడగాల్సిన మాట ఏదో ఉందని అందరికీ తెలిసిపోయింది. పెద్దపిల్ల తల్లి చెయ్యి పట్టుకుని తండ్రి మొహంలోకి చూస్తోంది.

ఇక ఒరాహా వంతు. అడగాలి. తాను కాకపోతే ఇంకెవరు అడగాలి? మొగుడు కదా. తాళం వేసిన తలుపు లాంటిది చర్చిలో జరిగిన పెళ్లి. ఆమె ఎవరి పేరు చెప్పినా రేపు పొద్దున మళ్లీ అదే ఇల్లు, అదే తిరగలి, అదే మంచం. పోయేది ఏమీ లేదు. కానీ తెలిసిపోతుంది. తెలియకుండా పద్నాలుగేళ్లు బతికాడు, తెలిశాక పద్నాలుగు రోజులైనా బతకగలడా? ఇందాక విన్న అబద్ధం ఎంత తియ్యగా ఉంది! ఇంకొక్క ఊపిరి సేపు అది నిజమై ఉంటే ఏం పోయేది?

"అడుగు" అని తనకు తానే చెప్పుకున్నాడు.  అన్నేళ్లు స్వర్గంలోకి నడిచినవాడికి నలభై అడుగుల దూరంలో ఉన్న పెళ్లాం దగ్గరికి ఒక్క మాట పంపడం చేతకాలేదు.

అప్పుడు ఎదురుగా చప్పుడైంది. యల్దా భుజం మీది సిలువను నేలకు దించి, స్తంభానికి ఆనించాడు. బొంత చొక్కా అంచుతో మొహం మీది మసి తుడుచుకున్నాడు. దేవదూతనూ కత్తినీ తెరనూ వదిలేసి, స్వర్గానికి వీపు పెట్టి, ఆడవాళ్ల వైపు తిరిగాడు.

అడగడానికి ముందుగా నోరు తెరిచింది ఒరాహా కాదు, యల్దా.